మోటుపల్లి బిట్టు ప్రశ్న మాత్రమే కాదు



స్టడీ అవర్‌లో గోడకు ఆనుకుని మనమందరం బట్టీపట్టిన బిట్లలో ఇదొకటి. మోటుపల్లి అభయ శాసనం వేయించిన కాకతీయ రాజు ఎవరు? గణపతిదేవుడు. ఏ సంవత్సరం? 1244. టిక్కు పెట్టామా, తరువాత బిట్టుకు వెళ్ళామా, అంతే. టెన్త్‌లో అంతే, ఇంటర్‌లో అంతే, గ్రూప్స్ మెటీరియల్‌లోనూ అంతే. అది ఏ జిల్లాలో ఉంది, నరసరావుపేటలో బస్సెక్కితే ఎంతసేపట్లో చేరతాం, అక్కడ ఇప్పుడు ఏముంది అని ఎవరూ అడగరు. అడిగితే చెప్పేవారూ ఉండరు. ఆ ఒక్క మార్కు మాటున ఎంత చరిత్ర ఉందో, ఆ చరిత్రలో మన వంతు ఎంతో, అది దొరకకుండా పోతే నష్టం ఎవరికో ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పుకోవాలని మా బ్యాచ్‌లో చరిత్ర, పురావస్తు శాస్త్రం ఎం.ఏ. చదువుకున్న నలుగురం అనుకున్నాం. మా నలుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. అందుకని కొంచెం ఆవేశం కనిపిస్తే మన్నించండి.

ముందుగా ఒక అభ్యంతరం తీర్చాలి. పల్నాటివాళ్ళకు సముద్రంతో పనేమిటి? మనకు చరిత్ర అంటే కారెంపూడి, నాగులేరు, కోడిపందెం, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి చాపకూడు, మాల కన్నమదాసు. ఉత్సవాల రోజుల్లో రాత్రంతా మేలుకుని విన్న కథ అది. అందులో ఎక్కడా ఓడ లేదు, అల లేదు. మాచర్ల, గురజాల పిల్లల్లో సముద్రాన్ని మొదటిసారి చూసింది డిగ్రీకి వచ్చాకే అనేవాళ్ళు మాలోనే ఇద్దరున్నారు. అయినా సముద్రం మన గడప దాకా వచ్చింది. కృష్ణానది మీదుగా వచ్చింది, పెరికెడ్ల మీద వచ్చింది.

నాగార్జునకొండ సంగతే తీసుకోండి. అది మన మాచర్ల దగ్గరిదే. సాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల రాజధాని బయటపడింది. రోమన్ బంగారు నాణేలు దొరికాయి. సింహళ విహారం ఉండేదని శాసనం చెప్పింది. అంటే శ్రీలంక భిక్షువులు ఓడ దిగి, నది పట్టుకుని ఇక్కడి దాకా వచ్చి ఉండిపోయారన్నమాట. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కంటకసెల పేరుంది. కృష్ణా జిల్లాలోని ఘంటసాల అది, ఆనాటి పేరున్న రేవు. మాచర్ల కొండల మధ్య దానం చేసిన స్త్రీ సముద్రపు ఒడ్డున ఉన్న రేవులో కూడా రాతి మండపం కట్టించింది. మూడవ శతాబ్దంలో ఆమెకు ఆ రెండూ ఒకే లోకం. మనకే రెండయ్యాయి.

మాచర్ల వైపు మిత్రుడి తాత ఆ తవ్వకాల్లో మట్టి గంపలు మోశాడట. "గునపం దిగే చప్పుడు వినరా అబ్బాయా, మట్టి చప్పుడు వేరు, ఇటుక చప్పుడు వేరు, ఇటుక చప్పుడు వినబడగానే ఆపేయాలి" అని బతికున్నప్పుడు చెప్పేవాడట. మేము ఎం.ఏ. మొదటి సంవత్సరంలో పొరల గురించి పాఠం విన్నప్పుడు మా మిత్రుడు పక్కకు వంగి మెల్లగా అన్నాడు, "ఇదంతా మా తాతకు తెలుసురా" అని. ఆ తాతకు తెలిసింది ఏ నివేదికలోకీ ఎక్కలేదు. ఈ మాట మళ్ళీ ఎత్తుకుంటాం.

ఇప్పుడు మోటుపల్లికి వద్దాం. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా, చినగంజాం మండలం. చీరాలకు దక్షిణాన, సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. అక్కడి వీరభద్రాలయంలో ఒక రాతి స్తంభం మీద ఉంది ఆ శాసనం. సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉన్న దాన్ని హుల్ట్‌జ్ అనే జర్మను పండితుడు చదివి ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండవ సంపుటంలో అచ్చువేశాడు. మన బిట్టు పుట్టింది అక్కడే.

అందులో ఏముందో మన మాటల్లో చెప్పుకుందాం. అంతకుముందు రాజులు ఒక పని చేసేవారు. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడ తుఫానుకు దారి తప్పి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం లాగేసుకునేవారు. ప్రాణాలతో బయటపడ్డవాడు ఒడ్డున నిలబడి చూస్తూ ఉండాలి. గణపతిదేవుడు ఆ పద్ధతి మానేశానని ప్రకటించాడు. ధనం ప్రాణం కంటే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళ సొమ్ము వాళ్ళదే, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోము అన్నాడు. ఎగుమతికీ దిగుమతికీ ముప్పైకి ఒకటి చొప్పున సుంకం. ఆ తరువాత సరుకుల పట్టీ. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. ఒక్కొక్కదానికి ఎంతెంతో రాయించాడు.

పుస్తకాలన్నీ దీన్ని గణపతిదేవుడి దయాగుణానికి నిదర్శనమని రాస్తాయి. దయ కోసం, కీర్తి కోసం, పుణ్యం కోసం అని శాసనంలో ఆయనే చెప్పుకున్నాడు, కాదనలేం. కానీ మా అభిప్రాయం కొంచెం వేరు. ఓరుగల్లు సముద్రానికి దూరం. వెలనాటి తీరం కాకతీయుల చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. సైన్యానికి గుర్రాలు కావాలి, అవి ఓడల మీదే రావాలి. పగిలిన ఓడను దోచుకుంటే ఒక్కసారే లాభం, పగలని ఓడ ఏటేటా వస్తే ముప్పైకి ఒకటి చొప్పున ఎప్పటికీ లాభం. దయతోపాటు లెక్క కూడా తెలిసిన రాజు ఆయన. అందులో తప్పేమీ లేదు. రాజ్యం నడిపేవాడు వ్యాపారిని భయపెట్టకూడదని 1244లోనే రాతి మీద చెక్కించడం గొప్ప విషయమే.

ఇక్కడ మన పల్నాడు మళ్ళీ వస్తుంది. కాకతీయుల తరువాత మోటుపల్లి రెడ్డి రాజుల చేతికి వచ్చింది. ప్రోలయ వేమారెడ్డి తమ్ముడు మల్లారెడ్డి దాన్ని గెలిచాడు. అనపోతారెడ్డి కాలానికి రాజధాని అద్దంకి నుంచి కొండవీడుకు మారింది. ఆ కొండవీడు ఇప్పుడు మన పల్నాడు జిల్లాలోనే ఉంది. ఆ అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. వ్యాపారులు వచ్చి అక్కడ కాపురం పెడితే గౌరవిస్తాం, భూమి ఇస్తాం, వెళ్ళిపోవాలనుకుంటే ఆపము అన్నాడు. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతి ఉండేది, దాన్ని ఎత్తేశాడు. ఈ శాసనంలో సంస్కృతం, తెలుగుతోపాటు తమిళం కూడా ఉంది. కొండవీటి రాజు తమిళంలో ఎందుకు రాయించాడు? చదవవలసినవాళ్ళు తమిళ వ్యాపారులు కనుక. ఈ రోజు మన ఊళ్ళో మూడు భాషల్లో బోర్డు కనబడాలంటే రైల్వే స్టేషన్‌కు వెళ్ళాలి. ఆ రోజుల్లో మోటుపల్లి అలాంటి స్టేషన్.

ఇంకొంత కాలానికి కొండవీట్లో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు చేసి కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. ఆ కర్పూరం, కస్తూరి, గంధం కొండవీటి కొండ మీద పండినవి కావు. అవచి తిప్పయశెట్టి అనే వ్యాపారి తెప్పించాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితం ఇచ్చింది ఆయనకే. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు ఆయన తెప్పించేవాడని కవి వర్ణించాడు. ఆ హురుమంజి పర్షియా సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్. ఈనాడు వార్తల్లో చమురు ఓడల సంగతి వచ్చినప్పుడల్లా వినిపించే పేరు. కొండవీడు కొండ కింద ఎండలో బస్సు కోసం నిలబడినప్పుడు ఆ మాట తలుచుకుంటే మాకైతే ఒళ్ళు జలదరిస్తుంది.

సరే, రాజుల మాట అయింది. వ్యాపారి మాట అయింది. మిగతావాళ్ళు?

మన తీరానికి ఓడ నేరుగా ఒడ్డుకు ఆనుకునే లోతైన రేవులు పెద్దగా లేవు. ఓడ దూరంగా లంగరు వేసుకుని ఆగేది. సరుకంతా చిన్న పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేరాలి. చెక్కలను మేకులతో కొట్టకుండా కొబ్బరినార తాడుతో కుట్టిన పడవలు ఈ తీరమంతటా నడిచాయి. తరువాతి కాలం తెల్లవాళ్ళు మసూలా పడవలన్నారు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు విడిపోతుంది, కుట్టిన పడవ ఒంగుతుంది కాని విరగదు. ఆ కుట్టుపని తెలిసినవాళ్ళు ఎవరు? ఆ అలల మధ్య గుర్రాన్ని పడవలోంచి దింపినవాళ్ళు ఎవరు? గంధపు దుంగలు భుజాన మోసి, ఎడ్ల మీద పెరికలు కట్టి కొండవీటి దాకా తోలినవాళ్ళు ఎవరు? శాసనంలో సరుకు పేరుంది, సుంకం ఉంది, రాజు బిరుదులున్నాయి. మోసినవాళ్ళ పేర్లు లేవు.

1290ల మొదట్లో మార్కోపోలో చైనా నుంచి ఓడలో తిరిగి వెళుతూ మన తీరం గురించి రాశాడు. రాజ్యం పేరునే ముట్‌ఫిలి అన్నాడు, మోటుపల్లికి అతని నోట వచ్చిన రూపం అది. దాన్ని ఏలిన రాణిని గొప్పగా మెచ్చుకున్నాడు. రుద్రమదేవి గురించే, అయితే గణపతిదేవుడి కూతుర్ని ఆయన భార్యగా పొరబడ్డాడు. ఇక్కడి బట్ట సాలెగూడులా ఉంటుందన్నాడు. మోటుపల్లి పక్కనే ఉన్న చీరాల, వేటపాలెంలో ఇప్పటికీ మగ్గం చప్పుడు వినబడుతుంది.

మార్కోపోలో చెప్పిన ఇంకో కథ మాకు నవ్వూ కోపమూ రెండూ తెప్పించింది. వజ్రాలు లోతైన లోయల్లో ఉంటాయట, అక్కడంతా పాములట. మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయట, గద్దలు వాటిని పైకి తెస్తాయట, అక్కడ ఏరుకుంటారట. ఈ కథ చాలా దేశాల్లో ఉంది, ఆయన ఓడలో ఎవరి దగ్గరో విని ఉంటాడు. నిజానికి కృష్ణ ఒడ్డున గులకమట్టిని మనుషులు తవ్వి, మోసి, కడిగి, జల్లించి వజ్రాలు తీశారు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి కొల్లూరు గనికి వచ్చి చూసి, అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు అన్నాడు. కోహినూరు అక్కడిదేనని చాలామంది చెబుతారు. కొల్లూరు ఎక్కడో కాదు, మన పల్నాటి కృష్ణ ఒడ్డునే ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. మట్టి మోసిన పిల్లలను వదిలేసి గద్దలకు పేరిచ్చిన కథ ప్రపంచమంతా తిరిగింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, రాసినవాటి మీద మాత్రమే ఆధారపడితే చరిత్ర ఎవరి వైపు ఒరుగుతుందో తెలియడానికి.

అందుకే పురావస్తు శాస్త్రం కావాలంటున్నాం. శాసనం వేయించే స్తోమత లేనివాడు కూడా కుండ పగలగొడతాడు. పగిలిన కుండ పెంకు అబద్ధం చెప్పదు, ఎవరినీ పొగడదు. పొయ్యి కాలిన నేల, చేప ముల్లు, వలకు కట్టిన మట్టిగుండు, రంధ్రం పడని పూస, ఇవన్నీ పనిచేసి బతికినవాళ్ళ సంతకాలు.

రేవుల దగ్గర పెంకు ఎలా పనికొస్తుందో కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే మాకు ఎం.ఏ.లో అన్నిటికంటే నచ్చిన పాఠం ఇదే. చైనాలో లాంగ్‌చువాన్ అనే చోట ఆకుపచ్చ మెరుగుతో పింగాణీ గిన్నెలు కాల్చేవారు. సెలడాన్ అంటారు. ఏ బట్టీలో ఏ కాలంలో ఏ రంగు, ఏ అంచు, ఏ అడుగు చేశారో అక్కడి పండితులు తేల్చిపెట్టారు. అలాంటి పెంకు మన తీరంలో ఒక పొరలో దొరికితే, ఆ పొర ఏ కాలానిదో అది చెప్పేస్తుంది. దాని పక్కనే దొరికిన మన ఊరి మట్టికుండకు కూడా తేదీ దొరుకుతుంది. అది కింద ఉంటే పాతది, పైన ఉంటే కొత్తది, గుంట తవ్వి కలిపేసి ఉంటే జాగ్రత్తగా విడదీయాలి. మన ఇళ్ళల్లో పేడ అలికిన నేల మీద మళ్ళీ మళ్ళీ అలుకుతారు చూడండి, ఆ పొరలు ఊడిపోయినచోట ఎన్నేళ్ళ సంక్రాంతి ముగ్గులో లెక్కపెట్టవచ్చు. అంతకంటే పెద్ద రహస్యం లేదు ఇందులో.

నొబోరు కరాషిమా అనే జపాను చరిత్రకారుడు, తమిళనాడు పండితులు కలిసి దక్షిణ భారత తీరమంతా తిరిగి చైనా పెంకుల కోసం వెతికారు. ఆ పరిశోధన 2004లో పుస్తకంగా వచ్చింది. నెల్లూరు తీరంలోని కొట్టపట్నం గురించి హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు గారు అందులో రాశారు. మన తెలుగు తీరం తూర్పు దేశాలతో వ్యాపారం చేసిందని చెప్పే సాక్ష్యం మన ఇసుకలోనే ఉంది. జపాను నుంచి వచ్చి వంగి ఏరిన పెంకును మనం తొక్కుకుంటూ పోతున్నాం.

అటు చైనా వైపు చూడండి. మార్కోపోలో ఓడ ఎక్కిన చువాన్‌జౌ రేవు దగ్గర 1974లో 13వ శతాబ్దపు ఓడను బురదలోంచి తవ్వి తీశారు. సుగంధపు చెక్కలు, మిరియాలు, పోకచెక్కలు అందులో ఇంకా ఉన్నాయి. మన గణపతిదేవుడి సుంకాల పట్టీలోని సరుకులే! ఆ ఓడకు ప్రత్యేకంగా మ్యూజియం కట్టి పెట్టారు. అదే ఊళ్ళో 1281 నాటి తమిళ శాసనం కూడా దొరికింది, శివాలయం తాలూకుది. అంత దూరం ఎందుకు, పక్క రాష్ట్రాలు చూడండి. కేరళలో పట్టణం అనే ఊళ్ళో 2007 నుంచి ఇళ్ళ పెరళ్ళల్లోనే తవ్వారు. తమిళనాడులో కీళడి కొబ్బరితోటల్లో తవ్వకం మొదలై పదేళ్ళు దాటింది, 2023లో మ్యూజియం తెరిచారు. సెలవు రోజుల్లో బడిపిల్లలు బస్సుల్లో వస్తారు. వాళ్ళకు కీళడి బిట్టు ప్రశ్న కాదు, వెళ్ళివచ్చిన ఊరు.

మేము కిందటి ఏడు మోటుపల్లి వెళ్ళాం. చీరాల దాకా బస్సు, తరువాత ఆటో. చినగంజాం వైపు ఉప్పు మడులు, ఉప్పు కుప్పల మీద కప్పిన తాటాకులు చూస్తూ వెళ్ళాం. ఇలాంటి తీరపు ఉప్పునే లంబాడీలు ఎడ్ల మందల మీద వేసుకుని లోపలి దేశానికి తోలుకెళ్ళేవారు. మన బొల్లాపల్లి, వెల్దుర్తి తండాల పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం, ఉప్పు తోలిన దారులు కూడా చరిత్రే, వాటిని ఇంకా ఎవరూ సరిగ్గా గీయలేదు. గుడి చూశాం. స్తంభం చూశాం. అక్షరాలు కొన్ని మేమే చదివాం, అది మా జీవితంలో పెద్ద పండుగ. కానీ గుడి దాటి బయటకు వస్తే, రేవు ఎక్కడుండేది, వ్యాపారుల వాడ ఎక్కడ, కూలివాళ్ళ గుడిసెలు ఎక్కడ, గిడ్డంగి ఎక్కడ అని అడిగితే చేయి చూపించేవాళ్ళు లేరు. తీరం పొడుగునా రొయ్యల చెరువులు. ఒక చెరువు తవ్వితే పొక్లెయినర్‌కు ఒక పూట పని. పురావస్తు శాస్త్రంలో ఒక అడుగు పొర తీయడానికి వారం పట్టవచ్చు. ఈ పందెంలో ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా? గుడికి రక్షణ ఉంటుంది, శాసనానికి రక్షణ ఉంటుంది. పేదవాళ్ళ ఆనవాళ్ళు ఉండేది మట్టిలో, ఆ మట్టినే ట్రాక్టర్లలో తోలుతున్నారు.

రొయ్యల రైతు మీద మాకు కోపం లేదు. అప్పు చేసి చెరువు వేసుకున్నవాడు ఆ మట్టిలో ఏముందో ఎలా తెలుసుకుంటాడు? అక్కడ పాత పెంకులున్నాయని ముందే గుర్తించి, హద్దులు వేసి, తవ్వకం అయ్యేదాకా ఆగమని, ఆ ఆగినందుకు నష్టం ఇవ్వవలసింది ప్రభుత్వం. నాగార్జునకొండ దగ్గర అంత పెద్ద ఆనకట్ట కడుతూ కూడా ఆరేళ్ళు తవ్వించగలిగిన దేశం మనది. అప్పుడు చేయగలిగింది ఇప్పుడు ఎందుకు చేయకూడదు?

ఇక అందరూ అడిగే ప్రశ్న. చరిత్ర చదివితే ఏమొస్తుంది? ఈ ప్రశ్న మాకు బంధువుల దగ్గర, బస్టాండులో, చివరికి స్కాలర్‌షిప్ కాగితం పట్టుకుని వెళ్ళిన ఒక కార్యాలయంలో కూడా ఎదురైంది. అక్కడి గుమాస్తా మా దరఖాస్తు చూసి, "మీలాంటివాళ్ళు కంప్యూటర్లు చదవాలయ్యా, రాళ్ళు రప్పలు మీకెందుకు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడనుకుంటాం. కానీ పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో రాయి మోసిన అమ్మలకు, క్వారీల్లో నాపరాయి కొట్టిన నాన్నలకు పుట్టినవాళ్ళం మేము. రాళ్ళు రప్పలు మాకు కాక ఎవరికి తెలుస్తాయి? రాయి మోసే హక్కు ఎప్పుడూ మనదేనట, రాయి చదివే హక్కు దగ్గరకు వచ్చేసరికి మనకెందుకు అంటారు.

అబద్ధం చెప్పం, ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ. ఇంట్లో అప్పు ఉండి, వెంటనే సంపాదించవలసిన తమ్ముడు డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో వెళితే మేము చప్పట్లు కొడతాం. మాలో ఒకడు ఇప్పుడు అదే చేస్తున్నాడు. కానీ చరిత్ర మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు దారులే లేవనుకుని మానుకోవద్దు. భారత పురావస్తు శాఖ వారి ఇన్‌స్టిట్యూట్ గ్రేటర్ నోయిడాలో ఉంది, రెండేళ్ళ పీజీ డిప్లొమా, ప్రవేశ పరీక్ష, స్టైపెండ్ ఇస్తారు. సీట్లు చాలా కొద్ది. యూజీసీ నెట్‌లో పురావస్తు శాస్త్రం విడిగా ఒక సబ్జెక్టు. శాసనాలు చదవడం నేర్చుకుంటే మైసూరులో శాసన విభాగం ఉంది. తెలుగు, సంస్కృతం, కొంచెం తమిళ లిపి వస్తే మోటుపల్లి స్తంభాలు రెండూ మీవే. మన నాగార్జున విశ్వవిద్యాలయంలోనే ఈ ఎం.ఏ. ఉంది. ఇంగ్లీషు భయం మాకూ ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నివేదికలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, రోజుకు ఒక పేజీ నిఘంటువు పెట్టుకుని చదివాం.

హాస్టల్ పెద్దలకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీలో ఉపాధ్యాయులున్నారు, రెవెన్యూలో, పంచాయతీరాజ్‌లో ఉన్నవాళ్ళున్నారు. వార్షికోత్సవానికి షామియానా, మైకు సెట్టు, బిర్యానీ అన్నీ బాగున్నాయి, వద్దనడం లేదు. కానీ ఏడాదికి ఒక్క బస్సు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఒక ఏడు నాగార్జునకొండ, ఒక ఏడు కొండవీడు, ఒక ఏడు మోటుపల్లి, ఘంటసాల. డీజిల్ ఖర్చు మీరు పెట్టుకోండి, వెంట వెళ్ళి చూపించే పని మేము పెట్టుకుంటాం. ఊరి సర్వేలకు వెళ్ళే అన్నలు ఏ దిబ్బ మీదనైనా పెంకులు, పాత ఇటుకలు కనబడితే సర్వే నంబరు రాసుకుని మాకు చెప్పండి. ఒక నోటు పుస్తకంలో పల్నాడు నుంచి తీరం దాకా అలాంటి చోట్ల జాబితా తయారు చేయడం మొదలుపెట్టాం. ఇప్పటికి ఆరు పేజీలు నిండాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు వెళ్ళినప్పుడు ఒక్క జాగ్రత్త. ఆకుపచ్చ మెరుగున్న పెంకు కనబడితే జేబులో వేసుకుని హాస్టల్‌కు తేవద్దు. చోటు మారిన పెంకు సగం మూగది. దాని పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీయండి, గుడి నుంచో రోడ్డు నుంచో ఎన్ని అడుగులో లెక్కపెట్టి రాయండి, ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేయండి. నాణేలో, నగలో కనబడితే మాత్రం కలెక్టరు గారికి తెలపాలి. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా చెప్పి తీరాలని 1878 నాటి చట్టం ఉంది. మోటుపల్లి వెళ్ళేవాళ్ళు ఉదయం మొదటి బస్సుకే బయలుదేరండి. పొద్దెక్కాక ఎండ పడి రాతి మీది అక్షరాలు కనబడవు, ఏటవాలు వెలుతురులోనే బాగా చదవవచ్చు.